మూడో మెట్టు మీది మాత్ర

మా అన్నయ్య రూడీ స్ట్రుకెల్ ముప్పై ఎనిమిదేళ్లు ఇనుప గనిలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఇల్లంత ట్రక్కు దగ్గర్నుంచి మా అమ్మ కుట్టుమిషను దాకా అతని చేతిలో బాగుపడని వస్తువు లేదు. డెబ్భై ఒకటో ఏట అతని గుండే లయ తప్పింది. రక్తం గడ్డకట్టకుండా రోజుకి రెండు మాత్రలు వేసుకోవాలన్నారు. ఖరీదైన మాత్రలే, కానీ మందుల బీమా ఉంది కాబట్టి గడిచిపోయింది.

ఆ సెప్టెంబరులో బీమా వాళ్ల ఉత్తరం వచ్చింది. జనవరి నుంచి ఆ మాత్ర తమ జాబితాలో ఉండదట. అన్నయ్య ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకి తగిలించి "చూద్దాంలే" అన్నాడు. మా వదిన ఆర్లిస్ చూద్దాంలే అనుకుని ఊరుకునే మనిషి కాదు. ప్లాను మార్చుకోవడానికి అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు ఏడు దాకానే గడువు. ఆమె ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ ఒక సంచీలో వేసుకుని మంగళవారం లైబ్రరీకి వెళ్లింది.

అక్కడ మంగళవారాలు రెయినో కైవోలా కూర్చుంటాడు. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు. భార్య పోయి ఆరేళ్లయింది. పెద్దవాళ్లు మందుల ప్లాన్లు ఎంచుకోవడానికి డబ్బు తీసుకోకుండా సాయపడతాడు. వదిన ఆ మంగళవారం వెళ్లింది, తర్వాతి మంగళవారం వెళ్లింది, ఆ పైవారమూ వెళ్లింది.

నేను ఊళ్లో మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను. ఆదివారాలు వాళ్లింట్లో భోజనం. ఒక ఆదివారం వదిన సూపు దగ్గర్నుంచే రెయినో మాటలు చెబుతోంది. బంగాళాదుంపలు వడ్డిస్తూ మళ్లీ అందుకుంది.

"బీమా వాళ్లు మందుల్ని మెట్ల మీద పెడతారట బెర్నీ. కింది మెట్టు మీదవి చవక. పైకి పోయే కొద్దీ మన చేతి డబ్బు ఎక్కువ పడుతుంది. ఒకడు మూడో మెట్టు మీద పెట్టిన మాత్రని ఇంకొకడు అసలు మెట్లే ఎక్కనివ్వడు. రెయినో చెప్పాడు."

"అవును వదినా," అన్నాను.

"నెలనెలా కట్టేది తక్కువని మోసపోకూడదట. మన మందు జాబితాలో ఉందో లేదో ముందు చూడాలట. రెయినో..."

"నాలుగు," అన్నాడు అన్నయ్య.

"ఏంటి నాలుగు?"

"భోజనానికి కూర్చున్నాక అతని పేరు నాలుగుసార్లు తీశావు."

వదిన నవ్వేసి ఇంకో బంగాళాదుంప వేసింది. అన్నయ్య నవ్వలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త మండింది. ఇరవై రెండేళ్లుగా అదే కౌంటరు దగ్గర నిలబడి ఇవే సంగతులు ఊరందరికీ చెబుతున్నాను. నా పేరు ఏ ఇంట్లోనైనా నాలుగుసార్లు తలుచుకున్నారా?

నవంబరు మొదట్లో అసలు గొడవ వచ్చింది. మా ఇళ్లలో పొటీట్సా రొట్టె చేయడమంటే ఒక రోజు పని. పిండిని బల్లంతా పల్చగా సాగదీసి, అక్రోటు ముద్ద పరిచి, చుట్టి కాల్చాలి. వదిన క్రిస్మస్‌కీ ఈస్టరుకీ తప్ప చేయదు. అన్నయ్య ఆ వాసనకి గ్యారేజీ నుంచి లేచి వచ్చాడు. చూస్తే ఒకటే ఉంది, దాన్నీ రేకు కాగితంలో చుడుతోంది.

"ఎవరికి?"

"రెయినోకి. అంత శ్రమ తీసుకుంటున్నాడు, వట్టి చేతుల్తో ఎలా వెళ్లను?"

"అంచు ముక్క కూడా లేదా?"

"నీకు క్రిస్మస్‌కి చేస్తాగా."

ఆ మంగళవారం అన్నయ్య కూడా లైబ్రరీకి వెళ్లాడు, వదినకి చెప్పకుండా. పుస్తకాల బీరువాల సందులోంచి చూశాడట. ఇద్దరి తలలూ ఒకే కంప్యూటరు మీదికి వంగి ఉన్నాయట. ఆమె నీలం స్వెట్టరు వేసుకుందట. అతనేదో అన్నాడు, ఆమె తల వెనక్కి వేసి నవ్విందట. "అలా నవ్వి ఎన్నేళ్లయిందో తెలుసా నీకు?" అని షాపుకొచ్చి నన్నడిగాడు. నాకెలా తెలుస్తుంది? అతని వెనక లైన్లో ముగ్గురున్నారు.

ఇంటికెళ్లి ఏం చేశాడంటే, పోస్టులో వచ్చిన రంగుల కాగితం ఒకటి తీసి దానిమీది నంబరుకి ఫోన్ చేశాడు. ఎవడో తియ్యగా మాట్లాడాడు. నెలకి కట్టాల్సింది దాదాపు ఏమీ లేదన్నాడు. పావుగంటలో అన్నయ్య కొత్త ప్లానులో చేరిపోయాడు.

ఆ సంగతి నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండగ భోజనం దగ్గర చెప్పాడు, టర్కీ కోడిని కోస్తూ, పెళ్లికొడుకులా వెలిగిపోతూ.

"ఇక మంగళవారాలు అక్కర్లేదు ఆర్లిస్. నా సంగతి నేనే చూసుకున్నాను. పావుగంట పట్టింది."

వదిన ఫోర్కు కింద పెట్టింది. "నీ గుండె మాత్ర వాళ్ల జాబితాలో ఉందా?"

"ముఖ్యమైన మందులన్నీ ఉన్నాయన్నాడు."

"ఆ మాత్ర పేరు చెప్పి అడిగావా?"

అన్నయ్య టర్కీ మీద మళ్లీ కత్తి పెట్టాడు. వదిన నావైపు చూసింది. నేను ప్లాను పేరడిగాను. చెప్పాడు. ఆ ప్లానుతో మా షాపుకి ఒప్పందం లేదని నాకు ముందే తెలుసు. మాత్ర సంగతి మర్నాడు చూశాను. జాబితాలో లేదు. అంటే జనవరి నుంచి దానికి పూర్తి ధర తనే పెట్టుకోవాలి, మిగతా మందులకి యాభై మైళ్ల అవతలి షాపుకి వెళ్లాలి.

ఫోన్ చేసి చెప్పాను. "తెలుసు," అన్నాడు. "వెనక్కి తగ్గను."

"అన్నయ్యా, పిల్లాడివా నువ్వు?"

"ఆ నవ్వు నువ్వు వినలేదు."

వదిన అరవలేదు, దానికే నాకు భయమేసింది. "అది నీ సంతకం, నీ ప్లాను. నేను ముట్టను," అంది. తన ప్లాను పని అప్పటికే లైబ్రరీలో ముగించుకుంది. ఇంట్లో రెయినో పేరు మళ్లీ ఎత్తలేదు. అన్నయ్యకి అది ఇంకా కష్టంగా ఉంది. పేరు ఎత్తకపోతే మనసులో తలుచుకుంటోందేమోనని అనుమానం.

గడువుకి ఐదు రోజులుందనగా మంగళవారం పొద్దున షాపుకొచ్చాడు. టోపీ మీద మంచు కూడా దులుపుకోలేదు.

"భోజనం టైములో నాతో రా."

"ఎక్కడికి?"

"ఎక్కడికో నీకు తెలుసు. ఒక్కణ్ణే వెళితే ఆ మనిషిని ఏదో ఒకటి అంటాను."

లైబ్రరీలో రెయినో ఒక్కడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. లేచి చెయ్యి చాపాడు. అన్నయ్య ఆ చేతిలో మందుల సంచీ పెట్టాడు.

రెయినో ఏమీ అనుకోలేదు. సీసాలు ఒక్కొక్కటే బయటికి తీసి పేరూ మోతాదూ కంప్యూటరులో కొట్టాడు. "ముందు ఇవి. ప్లాను పేరు ఆఖరికి," అన్నాడు. "మందు జాబితాలో ఉందా, ఏ మెట్టు మీద ఉంది, ఏ షాపులో కొంటావు, ఏడాది మొదట్లో బీమా తన వాటా ఇవ్వడం మొదలుపెట్టేముందు నువ్వు సొంతంగా ఎంత పెట్టాలి. ఈ నాలుగూ చూసి ఏడాదికి మొత్తం ఎంతవుతుందో లెక్క వేయాలి. నెలనెలా కట్టేది అందులో ఒక భాగం, అంతే."

"నేను ఇప్పటికే ఒకదాంట్లో చేరిపోయాను," అన్నాడు అన్నయ్య. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

"ఏం ఫరవాలేదు. ఏడో తారీకు లోపల ఎన్నిసార్లు మార్చినా ఆఖరిదే చెల్లుతుంది."

"ఒకవేళ ఏ ప్లానులోనూ నా మాత్ర లేకపోతే?"

"డాక్టరు చేత ఉత్తరం రాయించి, ఈయనకి ఇదే మాత్ర కావాలని అడిగించవచ్చు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నీకా అవసరం లేదు. ఇదిగో, ఇందులో మూడో మెట్టు మీద ఉంది. బెర్నీ వాళ్ల షాపుతో ఒప్పందం కూడా ఉంది."

అన్నయ్య గోడ గడియారం చూశాడు. "నలభై నిమిషాలు."

"అవును, అంతే పడుతుంది."

"మరి మా ఆవిడకి ఐదు మంగళవారాలు ఎందుకు పట్టింది?"

రెయినో చెవులు ఎర్రబడ్డాయి. కంప్యూటరు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆమె ప్రశ్నలు అడుగుతుంది రూడీ. ఎవరూ అన్ని ప్రశ్నలు అడగరు. రాసివ్వమంటారు, వెళ్లిపోతారు." చొక్కా కాలరు సర్దుకున్నాడు. "అదొక్కటే కాదనుకో. ఆమె వస్తుందంటే ఆ రోజు నాకు బాగుండేది. మంచి చొక్కా చూసి వేసుకునేవాణ్ణి. ఆమెతో నేను ఒక్క మాట కూడా అనలేదు, అనను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను."

అన్నయ్య మెడ మీద నరాలు ఉబ్బాయి. కొడతాడేమో అనుకున్నాను. సంచీ లాక్కుని వెళ్లిపోతాడేమో అనుకున్నాను. సీసాలు ఒక్కొక్కటే తిరిగి సంచీలో వేశాడు.

"పొటీట్సా ఎలా ఉంది?" అన్నాడు చివరికి.

"రెండు రోజుల్లో అయిపోయింది."

"నాకు అంచు ముక్క కూడా పెట్టలేదు."

రెయినో మళ్లీ కంప్యూటరు వైపు తిరిగాడు.

"ఆ నొక్కేదేదో నొక్కు," అన్నాడు అన్నయ్య. "నా మాత్ర నాకు కావాలి."

సాయంత్రం డ్యూటీ దిగి వాళ్లింటికి వెళ్లాను. అన్నయ్య అంతా చెప్పేశాడు, రెయినో చొక్కా సంగతితో సహా. ఆ కాస్తా దాచుకుంటాడని అనుకున్నాను. వదిన కాఫీ పోస్తూ విని, "అది నాకు తెలుసు," అంది.

"తెలిసే వెళ్లావా?"

"నీ మాత్ర కోసం వెళ్లాను. మొదటి రెండు వారాలు." కాఫీ జగ్గు కింద పెట్టింది. "తర్వాత నాకోసం వెళ్లాను. రూడీ, యాభై ఏళ్లలో ఈ ఇంట్లో ఏది పాడైనా నువ్వు బాగుచేసి ఇచ్చావు. ఎలా చేశావంటే మాత్రం నీకు అర్థం కాదులే అనేవాడివి. అతను చెప్పాడు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పాడు. నాకు అర్థమైంది. అందుకే నవ్వాను."

అన్నయ్య గాజు గిన్నెలోంచి బిస్కెట్టు తీసుకుని తినకుండా పట్టుకున్నాడు. "నాకేమీ అర్థం కాలేదు," అన్నాడు. "మెట్లు అన్నాడు, అది తెలిసింది. ఏడాది మొదట్లో సొంతంగా పెట్టడం అన్నాడు చూడు, అదేంటి?"

"నన్నడుగుతున్నావా?"

"ఇంకెవర్నడగను?"

వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. పాత కవరు వెనక గీతలు గీసి చెప్పింది. అతను పిచ్చి ప్రశ్నలు వేశాడు. ఆమె విసుక్కోలేదు, కానీ రెండుసార్లు "నీకు అర్థం కాదులే" అని, అన్నయ్య మొహం చూసి, మళ్లీ మొదట్నుంచి చెప్పింది. నా కాఫీ నేనే పోసుకున్నాను.

జనవరిలో అన్నయ్య మా కౌంటరుకి వచ్చాడు. మొదటి నెల కాబట్టి మాత్రలకి ఎక్కువే పడింది. నేను నోరు తెరిచేలోపే, ఎందుకు ఎక్కువ పడిందో వెనకాల నిలబడ్డ ముసలాయనకి విడమరచి చెప్పాడు. సగం సరిగ్గానే చెప్పాడు.

వసంతంలో వదిన కూడా ఆ పనికి శిక్షణ తీసుకుంది. ఇప్పుడు మంగళవారాలు ఆ బల్ల దగ్గర రెయినో పక్కన ఆమె కూడా కూర్చుని ఊరివాళ్ల సీసాలు చూస్తుంది. అన్నయ్యే ట్రక్కులో దింపి వస్తాడు. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. మధ్యాహ్నం షాపులో ఫోను మోగితే అతనేనని నాకు తెలిసిపోతుంది.

"ఆర్లిస్ ఇంకా రాలేదే?"

"మూడింటికి కదా అన్నయ్యా అయ్యేది. ఇప్పుడు ఒంటిగంట."

"తెలుసు," అని పెట్టేస్తాడు.