మస్కట్ మూడున్నర గంటలు

డానియల్ పెట్టె అద్దాన్ని మూడోసారి తుడుస్తుండగా ఫోను మోగింది. పక్క ఊళ్లో వీరేశం పటేలు పోయాడట. శవాన్ని చల్లగా ఉంచే ఆ కరెంటు పెట్టె కేతేపల్లి చుట్టుపక్కల డానియల్ ఒక్కడి దగ్గరే ఉంది. ఎవరు పిలిచినా అతను ముందు అడిగేది ఒకటే.

"ఎవరు రావాలె? ఏ ఊరికెల్లి?"

మెల్‌బోర్న్ నుంచి కూతురు. రెండు విమానాలు, మధ్యలో ఆగడం, శంషాబాద్ నుంచి కారు. వేళ్లు మడిచి, "రేపు రాత్రయితది" అన్నాడు డానియల్. పదో తరగతి తప్పిన మనిషే, కానీ ఏ దేశం ఎన్ని గంటలో నోటికి వచ్చు. పెట్టె ఇచ్చాక ఊరుకుంటాడా! రెండు గంటలకోసారి ఫోను చేసి, "కరెంటున్నదా? ఆళ్లు ఇమానం ఎక్కిన్రా?" అని ప్రాణం తీస్తాడు. జనం విసుక్కుంటారు గానీ, అతని లెక్క తప్పిందని ఎవరూ అనలేదు.

పెట్టెను ట్రాలీ ఆటో ఎక్కిస్తుంటే మంచంలోంచి తండ్రి జాషువా పిలిచాడు. నెల నుంచి ఆయనకు ఊపిరి అందడం లేదు. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

"అక్క ఎప్పుడొస్తదిరా?"

"మస్కట్ ఎంత దూరం బాపూ, మూడున్నర గంటలే. రేపు పొద్దుగాల ఈడుంటది."

అబద్ధం కాదు. అక్క బక్కమ్మ అక్కడ ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటివాళ్లు నెల రోజులు తిప్పి తిప్పి, నిన్ననే పాస్‌పోర్టు చేతిలో పెట్టారు. ఈ రాత్రికే విమానం.

వీరేశం పటేలును పెట్టెలో పడుకోబెట్టి డానియల్ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. భార్య సుగుణమ్మ గడపకు ఆనుకుని కూర్చుంది.

"మామ నీళ్లడిగిండు. తెచ్చేలోపల పోయిండు" అంది.

మే నెల. రేకుల ఇల్లు పెనంలా కాలుతోంది. నకిరేకల్‌లో ఉన్న ఇంకో పెట్టె కూడా ఎవరింట్లోనో ఉంది. ఫోనులో బక్కమ్మ ఏడుస్తోంది. "ఒక్క రాత్రి ఆపు తమ్మీ. నీ చేతుల పనే గద."

డానియల్ పటేలు ఇంటి నంబరు తీసి, దాని మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశాడు. రెండు గంటలకోసారి చేసే మనిషి ఆ రోజు ఒక్కసారీ చేయలేదు. చేస్తే, తన బాపు కోసం మన పటేలును పెట్టెలోంచి లేపమంటున్నాడు అనుకుంటారేమో. తాతల నుంచీ ఆ వాకిట్లో తలవంచి నిలబడ్డవాళ్లు, ఆ జంకు ఎక్కడికి పోతుంది? ఐసు గడ్డలు తెచ్చి తండ్రి చుట్టూ పేర్చాడు. అరగంటకే నీళ్లయ్యాయి. నాలుగు దాటాక పాస్టరు ఇక ఆపలేమన్నాడు. ఆరింటికి మట్టి ఇచ్చారు.

తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఫోను. పటేలు మేనల్లుడు దశరథ్.

"డానియల్, పెట్టె తీస్కపోవా? మెల్‌బోర్న్‌ల మా దీప్తికి టికెట్ దొరకలె. ఫోన్లనే చూసుకున్నది. మూడింటికే దహనం చేసినం. పెట్టె అప్పటికెల్లి ఉత్తగనే ఉంది. నువ్వే ఫోను చేస్తవనుకున్న."

మూడింటికి బాపు ఇంకా మంచం మీదే ఉన్నాడు.

తెల్లారి బక్కమ్మ దిగింది. సమాధి దగ్గర డానియల్ ఏమీ దాచకుండా అంతా చెప్పాడు. "ఒక్క మాట అడగలేకపోయిన అక్కా."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మూడున్నర గంటలే పట్టింది తమ్మీ" అని మాత్రం అంది.

ఎండ ముదిరాక ఇద్దరూ ఇంటికి నడిచారు. తండ్రి కోసం ఆమె మోసుకొచ్చిన కొత్త దుప్పటి, ప్లాస్టిక్ సంచి జిప్పు కూడా తీయకుండా, ఆ పచ్చిమట్టి మీదే ఉండిపోయింది.