ఎదురొచ్చిన వేళ్ళు

సోమవారం ఇల్లు అమ్మకానికి పెడతానని డెల్ఫీన్ అప్పటికే మాట ఇచ్చేసింది. ఆ రోజు ఏజెంటు వచ్చి ముంగిట్లో బోర్డు పాతుతాడు. ఆ తర్వాత పుట్టి పెరిగిన షికాగోకి, అక్క దగ్గరికి పోవడమే. నెబ్రాస్కా ఇసుక కొండల్లో, మనుషుల కన్నా ఆవులే ఎక్కువున్న ఆ ఊళ్ళో, మొగుడు హార్లన్ పోయాక ఇంక ఆమెకేం పని? అతను గుండె ఆగి పోయిన వారంలో ఊరంతా గిన్నెలు గిన్నెలు వంటలు మోసుకొచ్చింది, కాదనలేం. గిన్నెలు కడిగి తిరిగిచ్చేశాక మళ్ళీ ఎవరూ తలుపు తట్టలేదు. తను ఎప్పటికీ పరాయిదాన్నేనని ఆమె తేల్చేసుకుంది. ఒకసారి తేల్చుకుంటే మార్చుకునే మనిషి కాదు.

"అంత దూరం ఒక్కదానివీ పోతావా వదినా? కనీసం కారుకి కెమెరా అయినా పెట్టుకో. ఎవడైనా వచ్చి గుద్దితే సాక్ష్యం ఉంటుంది" అని ఆడపడుచు ట్వైలా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

ఆమె పోదామనుకున్నది హార్లన్ పికప్ ట్రక్కులో. దాని ముందద్దం మీద అతని రాడార్ డిటెక్టర్ ఇంకా అలాగే ఉంది. పోలీసులు ఎక్కడైనా వేగం కొలుస్తుంటే ముందే కూసే పెట్టె అది. కిరాణా కొట్టు తలుపులు వాటంతటవి తెరుచుకున్నా కూసేది. దాని రబ్బరు కప్పుల స్టాండుని హార్లన్ తన బొటనవేలితో నొక్కి నొక్కి అంటించాడు. దాన్ని పీకడానికి డెల్ఫీన్‌కి చేతులు రాలేదు. అందుకే ఆ స్టాండుకే తగిలించుకునే కెమెరా ఏరి కోరి తెప్పించుకుంది. అది డిటెక్టర్ పక్కన బుద్ధిగా ఒదిగింది. ప్రయాణానికి ముందు ఒకసారి పరీక్షిద్దామని శనివారం పొద్దున పికప్ తీసుకుని ధాన్యం గోదాముల దాకా వెళ్ళి వచ్చింది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే బొమ్మ బాగానే వచ్చింది. కంకర రోడ్డు మీద కూడా పెద్దగా వణకలేదు. ఎదురొచ్చే బండ్ల నంబర్లు చదవడానికి వీలవుతుందో లేదో చూద్దామని మొదటి బండి దగ్గర బొమ్మని ఆపింది. నంబరు కనిపించింది. దాని పైన, అద్దం వెనక, స్టీరింగ్ మీంచి నిటారుగా లేచిన ఒక వేలూ కనిపించింది.

ఏ వేలో అంత దూరం నుంచి తెలియలేదు గానీ డెల్ఫీన్‌కి తెలుసుకోవాల్సిన పని లేకపోయింది. షికాగోలో రోడ్డు మీద వేలు లేపారంటే అది నడిమి వేలే, బూతు తిట్టినట్టే. రెండో బండి ఆపి చూసింది. అక్కడా వేలే. మూడో బండిలో ముసలమ్మ, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, ఆవిడా లేపింది! డెల్ఫీన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కంప్యూటర్ చంకన పెట్టుకుని ట్వైలా వంటింట్లోకి దూసుకుపోయింది.

"చూడు మీ ఊరి మర్యాద! దారి పొడుగునా తిడుతున్నారు. ఇదుగో ఈ ఎర్ర బండిలో ఉన్నది మాత్రం ఎవరు?"

ట్వైలా కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "అది నేనే వదినా."

"నువ్వా!"

ట్వైలా నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఓసి పిచ్చి వదినా! అది చూపుడు వేలు. బాగున్నావా అని పలకరింపు. ఇక్కడ ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ ఎత్తుతాం. మా అన్న ఎత్తడం ఎప్పుడూ చూడలేదా?" అంది.

చూసింది. రేడియోలో పాటకి తాళం వేస్తున్నాడనుకుంది. సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ రోడ్ల మీద తెల్లగీత వంక తప్ప ఎవరి ముఖం వంకా చూడలేదు. పెద్ద ఊళ్ళో పక్క బండివాడి కళ్ళల్లోకి చూడటమంటే గొడవ కొని తెచ్చుకోవడం. ఆ అలవాటుతోనే ఇక్కడా బతికింది.

అయినా అంత తేలిగ్గా ఓడిపోతుందా? "ఇదంతా హార్లన్ బండికి. నాక్కాదు" అంది.

"అయితే నీ కారులో పోయి చూసుకో."

స్టాండు పీకితే తప్ప కెమెరా ఆమె బూడిదరంగు చిన్న కారులోకి రాదు. డెల్ఫీన్ పికప్‌లో చాలాసేపు కూర్చుంది. చివరికి రబ్బరు కప్పుల అంచు కింద గోరు దూర్చి లాగింది. అద్దం మీద రెండు గుండ్రటి మరకలు మిగిలాయి. వాటిని తుడవలేదు. స్టాండుని తన కారు అద్దానికి, హార్లన్ నొక్కినట్టే బొటనవేలితో నొక్కి, మళ్ళీ అదే రోడ్డు పట్టింది.

ఈసారి తెల్లగీతని వదిలేసి తల పైకెత్తింది. ఎదురుగా ఆవుల ట్రైలర్ వస్తోంది. తోలుతున్నది ఎమ్మెట్ ముసలాయన, హార్లన్ పశువుల కొష్టానికి పక్క కొష్టం ఆయన. ఆయన వేలు లేచింది. డెల్ఫీన్ కంగారులో చెయ్యి మొత్తం ఎత్తేసింది, మునిగిపోతున్న మనిషిలా.

ట్రైలర్ నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎమ్మెట్ అద్దం దించాడు. ఆమె కూడా పక్కన ఆపి అద్దం దించింది.

"చూశావా అమ్మాయ్! ఎన్నాళ్ళకి చూశావు!" ఆయన ముఖం విప్పారింది. "మా ఆవిడతో చెప్తే నమ్మదు."

"ఇదివరకు కూడా... ఈ కారుకి ఎత్తేవారా?"

"ఎందుకెత్తను? నువ్వొచ్చిన కొత్తలోనే హార్లన్ దాణా కొట్లో అందరికీ చెప్పాడు. 'మా ఆవిడ రోడ్డు తప్ప ఏమీ చూడదు, పొగరనుకోకండిరా, చూసేదాకా ఎత్తడం మానకండి' అని. వాడు పోయాక మరీ మానబుద్ధి కాలేదమ్మా."

డెల్ఫీన్ వంచిన తల ఎదుట ఇన్నాళ్ళుగా ఊరు ఊరంతా అడుగుతూనే ఉంది, బాగున్నావా, బాగున్నావా అని. అడగమని చెప్పి వెళ్ళినవాడి మీదా, విసుగు లేకుండా అడిగిన వీళ్ళందరి మీదా ఆమెకి ఎంత కృతజ్ఞత పొంగిందంటే, ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు.

ఎమ్మెట్ మర్యాదగా ఆవుల వంక తల తిప్పుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "సోమవారం ఇల్లు బేరానికి పెడుతున్నావటగా?" అన్నాడు.

"ఎవరండీ ఆ మాటన్నది?" అని డెల్ఫీన్ ముక్కు తుడుచుకుంటూ గదమాయించింది.