సహర్ గోలీ

కాశీనాథం సేటు బీరువాలో నా డిగ్రీ సర్టిఫికెట్లున్నాయి. మూడేళ్లు పనిచేస్తేగానీ ఇవ్వనన్నాడు. సిద్దిపేటలో ఆయన మందుల షెడ్డుకు కెమిస్టునూ నేనే, ఖైదీనీ నేనే.

అక్కడే కడుపులో తేలే షుగర్ గోలీ చేశాను. బంక కలిపాను కాబట్టి ఉబ్బి, తేలుతూ, మందును కొంచెం కొంచెంగా వదులుతుంది. గాజుగ్లాసులో యాసిడ్ పోసి వేస్తే పన్నెండు గంటలు తేలింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

మిషన్ నడిపే ఫజల్ నాకన్నా సంబరపడ్డాడు. వాళ్లమ్మ అజీజున్నీసాకు షుగర్. రంజాన్‌లో రోజా ఉంటుంది: తెల్లవారకముందు సహర్ అన్నం తిన్నాక పొద్దుగూకేదాకా మెతుకూ ముట్టదు, మందూ ముట్టదు. పోయినేడు రోజాలోనే కళ్లు తిరిగి పడింది. "సహర్‌ల ఒక్కటేస్తే పొద్దుమీకేదాక పనిజేస్తదమ్మా" అని ఆమెకు మాటిచ్చింది నేనే.

రోజా ఉన్నవాళ్లకు అమ్మొచ్చని ఒక పెద్ద కంపెనీకీ ఆశ పుట్టింది. వాళ్లకు చూపడానికి ఎక్స్‌రే కావాలి. ఎక్స్‌రేలో కనబడే, మందు లేని గోలీని ఫజల్ సహర్ అన్నం తిని మింగాడు. రోజాతోనే మధ్యాహ్నం ఫొటో తీయించుకున్నాడు. గోలీ కడుపులో లేదు, పేగుల్లోకి జారిపోయింది.

గ్లాసు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. రోజా ఉన్న మనిషి కడుపు ఖాళీ అయ్యి, మిగిలినదంతా కిందికి ఊడ్చేస్తుంది. చదువుకున్న నాకు ఆ మాత్రం తట్టలేదు. సిగ్గుతో ఫజల్‌కు కూడా చెప్పలేక, ఫొటో సేటుకొక్కడికే చూపించాను.

సేటు నిమ్మళంగా అన్నాడు. "గా ఫొటో పక్కకు వెట్టు జగదీశ్వర్. రేపు పొద్దుగాల నువ్వొకటి మింగి, గంటగంటకు తినుకుంట కూసో. సాయంత్రం తీపిద్దాం."

"రోజా ఉన్నోళ్లకు పనిజెయ్యదని చెప్పాలె గద సేట్."

"నీ సర్టిఫికెట్లు యాదున్నయా?"

మర్నాడంతా తిన్నాను. ఇడ్లీలు, అరటిపండ్లు, ఉప్మా. సాయంత్రం ఫొటోలో గోలీ కడుపులోనే ఉంది. ఆ తెల్లవారి కంపెనీవాళ్లు దాన్ని వెలుతురుకు పట్టి మురిసిపోయారు. అది రోజా ఉన్న మనిషిదేనని సేటు వాళ్లకు చెప్పాడు.

వాళ్లు కుర్చీల్లో ఉండగానే అజీజున్నీసా వచ్చింది. "పాత గోలీలు పారేసిన బిడ్డా. రేపటి సహర్‌కు నీదియ్యి."

సేటు నవ్వుతూ ఒక పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. నేను లేచి ఆ పొట్లం తీసేసుకున్నాను.

"గిది తిన్నోళ్ల కడుపులనే ఆగుతదమ్మా. ఫజల్ కడుపుల ఆగలే. గా ఫొటో దినమంత తిన్న నాది."

కంపెనీవాళ్లు ఫొటో బల్ల మీద పెట్టేశారు. సేటు బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అజీజున్నీసా ఖాళీ అయిన అరచేతిని చూసుకుంది. "రోజా విడువ. మరి నేనేం జెయ్యాలె బిడ్డా?"