లూప్‌లోకి పోయిన గార్డుగారు

నేను ఒక ముసలి లాప్‌టాప్‌ని. ప్రస్తుతం కావలిలో ఒక రిపేరు షాపు అటక మీద, బ్యాటరీ ఇంకెవరికో దానమిచ్చి, తీరిగ్గా పడి ఉన్నాను. ఫ్యాక్టరీలో బిగించి పంపినప్పుడు నాది మహా వేగమని పెట్టె మీద రాశారు. ఆ మాట నమ్మి కొన్న ఇంజినీరింగు అమ్మాయి మూడేళ్లకే నన్ను విసుక్కుంది. తరువాత ఒక ఫోటో స్టూడియోలో పెళ్లివారి ముఖాలకు మెరుగులు దిద్దాను. అక్కడా మందకొడినని పేరొచ్చాక, బిట్రగుంటలో రిటైరైన గూడ్సు గార్డు పరంధామయ్య చేతిలో పడ్డాను. నా బతుకులో మంచి రోజులంటే అవే.

ఆయన నన్ను కొన్నది పోకర్ అనే పేకాట కోసం. రైల్వే ఉద్యోగుల క్లబ్బైన ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు నేర్పిన ఆటను, ఇంజను డ్రైవరు మస్తాన్ వలీతో ముప్పై ఏళ్లు ఆడాడట. పందెం అగ్గిపుల్లలు. ముక్కలు పడేసి తప్పుకోవడాన్ని వాళ్లు ‘లూప్‌లోకి పోవడం’ అనేవారు, ఎక్స్‌ప్రెస్‌కు దారిచ్చి గూడ్సు పక్క లైన్లో ఆగినట్టు. ఇప్పుడు మస్తాన్‌కు పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దైంది. గూడూరులో కూతురు రహీమా ఇంట్లో ఉంటూ, ఆ మాటకు సిగ్గుపడి ఎవరి ఫోనూ ఎత్తడం లేదు. స్నేహితుడు బతికుండగానే దూరమైపోయాడని పరంధామయ్య కుమిలిపోయేవాడు. కనీసం నెట్‌లో ఆడే ఆటలోనైనా దొరుకుతాడేమోనని ఆశ.

‘మీ ఆట తీరు ఏది? దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ ఎంచుకోండి’ అని నెట్‌లో ఎవరో సలహా రాశారు. ఈయనది దూకుడు. అందుకని పది సెకన్లలో పందెం తేల్చాల్సిన దాన్ని ఎంచుకున్నాడు. తనకు అతికినట్టు కుదిరింది. గూడూరులో మాత్రం మస్తాన్ ఎడమచేతి వేలు రహీమా ముందుపెట్టిన టాబ్లెట్ తెరను చేరేలోపే, అతను తప్పుకున్నట్టు అది తీర్పిచ్చేసేది. మూడో రోజుకు మస్తాన్ టాబ్లెట్ పక్కన పెట్టేశాడని రహీమా చెప్పింది. పరంధామయ్య ఆ పూట అన్నం సరిగా తినలేదు.

రెండోది ఎదుటివాడి అలవాట్లన్నీ లెక్కగట్టి శాతాల్లో చూపేది.

“వాడి సంగతి నాకు ఇది చెప్పేదేంది?” అని దాన్ని తీసిపారేశాడు.

మూడోది చూడ్డానికి వికారం. ముక్కలు అప్పడాలంత ఉండేవి, గడియారం లేదు. ఇద్దరే ఆడుకోవచ్చు, ఒక ఎత్తుకు పావుగంట పట్టినా అడిగేవాడు లేడు. దూకుడు మనిషి ఆ పావుగంటా చేతులు కట్టుకుని నా ముందు కూర్చునేవాడు. మనుషులు నా నెమ్మదిని తిట్టడమే గానీ, ఇష్టపడి నెమ్మదించడం అప్పుడే చూశాను.

దానికి ఒక లోపముంది. ఒకరు తప్పుకుంటే రెండోవారి ముక్కలు చూపించదు. ఒక ఆదివారం మస్తాన్ తన దగ్గరున్న పందెం బిళ్లలన్నీ ఒడ్డేశాడు. చేతిలో రెండు జతలున్నా పరంధామయ్య జంకి లూప్‌లోకి పోయాడు. ఇన్‌స్టిట్యూట్‌లో అయితే మస్తాన్ ముక్కలు తిరగేసి బల్ల మీద చరిచేవాడే. ఇక్కడ చూపే దారి లేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. అవతల నుంచి ఒక ముద్దమాట, ఆగి ఆగి వచ్చింది.

“నా చేతిలో... ఏం లేదురా.”

వెనకే బొంగురు నవ్వు. ఆ ముద్దమాట నాకే అర్థమైంది, ఆయనకు అర్థం కాదా? అయినా పరంధామయ్య కళ్లు తుడుచుకుని, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

“ఏందిరా? ఇంగోసారి చెప్పు.”