ఇరవై దాకా

"పొద్దున్నే ఏమిటే ఆ గోల? కొట్టుకి బయల్దేరే మనిషి ముందు ఎక్కాలు చదవాలా?" అన్నాడు రాధాకృష్ణమూర్తి, పంచె కుచ్చెళ్ళు సర్దుకుంటూ.

పెరటి అరుగు మీద నిలబడి లెక్కపెడుతున్న శ్యామలాదేవి అప్పటికి పదకొండు దాకా వచ్చింది. ఊపిరి తెగిపోయింది. తెగిన చోటే ఆపాలి, మళ్ళీ మొదలుపెట్టకూడదు అని డాక్టరు చెప్పాడు గనక ఆపేసి, వంటింట్లోకి పోయి పప్పు దింపింది. పదకొండుకే ఎందుకు తెగిందా అని అడుగుదామనుకుంది కాని, ఎవర్ని అడగాలో తోచలేదు.

ఈ లెక్క ఆమె సరదాకి పెట్టుకున్నది కాదు. కిందటి శ్రావణంలో గొంతులో పుండు తేలితే మద్రాసు తీసుకెళ్ళి, పుండు మాడేందుకు మెడకి ఆరువారాలు కరెంటు పెట్టించారు. మెడ చర్మం మాడి నల్లబడింది. నోట్లో తడి ఆరిపోయింది, ముద్ద ముద్దకీ మంచినీళ్ళు తాగితే గాని మెతుకు దిగదు. నెలరోజులు మాట్లాడొద్దంటే మాట్లాడలేదు. ఆ నెలరోజుల్లో జగ్గయ్యపేటలోని ఆ ఇంట్లో ఒక్క పని ఆగలేదు, ఒక్క పూట అన్నం ఆలస్యం కాలేదు. మద్రాసు నుంచి వచ్చిన నాలుగోనాడే పదిమందికి వండింది. ఒక చుట్టం చూడవచ్చి జాలిపడబోతే అత్తగారు, "గొంతు పోతేనేం, చేతులు బాగానే ఉన్నాయిగా" అంది. అన్నది దెప్పడానికి కాదు, నిజంగా ఊరటపడే అంది. శ్యామలాదేవికి అది గుర్తుండిపోయింది. కోపం మాత్రం రాలేదు. కరెంటు మంటకి కోపం కూడా మాడిపోయిందేమో, చాలా రోజులుగా ఆమెకి ఏదీ రావడం లేదు.

ఆ తరవాత చూపించుకోవడం నందిగామలో. బెజవాడ నుంచి గొంతు డాక్టరు వీరరాఘవయ్య ప్రతి నెలా మొదటి బుధవారం అక్కడికొచ్చి ఒక రైస్‌మిల్లు ముందుగదిలో కూర్చుంటాడు. చిన్న అద్దాన్ని స్పిరిట్ దీపం మీద వెచ్చచేసి, నాలుకని గుడ్డతో బయటికి పట్టుకుని, "ఈ... అనమ్మా, ఇంకా గట్టిగా" అంటాడు. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో ఆమెను గట్టిగా అనమన్నవాడు ఆయనొక్కడే.

మొదటిసారి చూసినప్పుడే ఆయన ఒక అట్ట కార్డు ఇచ్చాడు. "నేను ఉగాదికి మళ్ళీ చూస్తాను. ఈలోగా చూడాల్సింది ఇంట్లోవాళ్ళ చెవులు. రోజూ పొద్దున ఒక్క ఊపిరిలో ఇరవై దాకా లెక్కపెట్టాలి. ఎంతదాకా వచ్చిందో, గొంతు బొంగురుపోయిందో లేదో పక్కవాళ్ళు విని రాయాలి. వారంపాటు వరసగా తగ్గితే ఉగాది దాకా ఆగకుండా వచ్చేయండి. పుండు తిరగబెట్టినా ముందే దొరికితే ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఆలస్యమైతే మాటపెట్టె మొత్తం తీసెయ్యాలి. ఆ తరవాత మాట ఉండదు" అన్నాడు. రాధాకృష్ణమూర్తి వైపు చూసి, "మీరే వినాలి" అని కూడా అన్నాడు.

రాధాకృష్ణమూర్తి మొగుడుగా చెడ్డవాడేం కాదు. వ్యాపారి. కొలతకి కూర్చుంటే ఒకటి అని మొదలుపెట్టడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు. శ్యామలాదేవి పుట్టిల్లూ కోమటిల్లే గనక తనూ అలాగే లెక్కపెట్టేది. ఇంటికొచ్చిన మర్నాడు ఆయన కార్డు నాలుగు మూలలా పసుపు రాసి, పైన శ్రీకారం చుట్టి, దశమి ఘడియలు చూసుకుని కూర్చుని, ఆ రోజు నుంచి ఉగాది దాకా ఉన్న గళ్ళన్నిటిలోనూ 'ఇరవై, బాగుంది' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశాడు.

"అదేమిటండీ, వినకుండానే?" అంది.

"చెడ్డమాట మన చేత్తో మనం రాసుకోకూడదే. తథాస్తు దేవతలుంటారు" అన్నాడు. ఆమె మీద ప్రేమతోనే చేశానని ఆయన నమ్మకం. ఆ కార్డుని దేవుడి గూట్లో పెట్టాడు. అంతటితో వినాల్సిన పని ఇంట్లో ఎవరికీ లేకుండా పోయింది.

మిరపకాయ దిగే రోజులొచ్చాయి. పెరటినిండా కాయ పోశారు. మంచుకి కాయ మెత్తగా ఉండగానే తొడిమలు తీయాలని ఆడకూలీలు తెల్లవారకముందే వచ్చి కూర్చునేవారు. ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గుతున్నారు గనక తన గొంతు బొంగురు కూడా ఆ బాపతేననుకుంది. ఆ కూలీల్లో ఆరోగ్యమ్మ అనే ఆవిడ ఎప్పుడూ అరుగుకి దూరంగా, గోడవార కూర్చునేది. ఇద్దరి మధ్యా నీళ్ళు పోయడం తప్ప మాటల్లేవు. ఆ రోజు పదకొండు దగ్గర ఊపిరి తెగిందా, పప్పు దింపి నీళ్ళచెంబుతో పెరట్లోకొస్తే ఆరోగ్యమ్మ దోసిలి పట్టకుండా తలెత్తి చూసింది.

"అమ్మగారూ, ఒకమాటంటే ఏమనుకోరుగా? మీరు పొద్దున్నే లెక్కెడతారు చూడండి, మీ అంకెకో కాయ చొప్పున తుంచి పక్కనేసుకుంటా. ఊసుపోక మొదలెట్టా లెండి. కాయ దిగిన కొత్తలో ఇరవై పడేయి. పోయిన వారం నుంచీ పదమూడు, పన్నెండు. ఇయ్యాల పదకొండు. ఘాటయితే ఒకపూట తగ్గి ఒకపూట పెరగాలి గదండీ? మీది దిగటమేగాని ఎక్కటం లేదు."

గోనె అంచున పదకొండు కాయలు విడిగా ఉన్నాయి. శ్యామలాదేవి వాటివంక చాలాసేపు చూసింది. భయం వెయ్యాలి, వెయ్యలేదు. తన గొంతు ఈ ఇంట్లో ఒకళ్ళకి వినపడుతోందన్న సంగతి మాత్రం, ముల్లు దిగినట్టు, ఆలస్యంగా తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, "ఏమండీ, గొంతు తగ్గుతోంది. ఈ బుధవారం నందిగామ వెళ్దాం" అంది.

"ఘాటే అది. మేమందరం దగ్గట్లా? కాయ దిగే రోజుల్లో కొట్టు వదిలి ఎట్లా వస్తానే? ఉగాదికి ఎట్లాగూ వెళ్తాంగా" అని, చెయ్యి కడుక్కుని దేవుడి గూట్లోంచి కార్డు తీసి చూపించాడు. "చూడు, నిన్న కూడా బాగుందనే ఉంది." తన రాత తనే చదువుకుని నిజంగా నమ్ముతున్నాడు పాపం.

"ఒక్కసారి వినండి" అంది. ఆయన విననన్లేదు, కూర్చున్నాడు. ఆమె లాభం అని మొదలుపెట్టి ఆరు దాకా వచ్చేసరికి వీధిలోంచి ఎవరో పిలిచారు. "ఆఁ, వస్తున్నా" అని లేచి వెళ్ళాడు. అత్తగారు మజ్జిగ కలుపుకుంటూ, "గొంతు తగ్గితే తగ్గనీవే, కేకలేసి పిలవాల్సిన పని నీకేముంది?" అంది.

బుధవారంనాడు వంట చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, గూట్లో కార్డు తీసుకుని, "నందిగామ వెళ్తున్నా అత్తయ్యా" అని చెప్పి బస్సెక్కింది. అడగడం, ఒప్పించడం తెలియక కాదు. వాటికి ఖర్చు పెట్టేంత గొంతు మిగల్లేదు.

వీరరాఘవయ్య కార్డు చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఉగాది ఇంకా నెల్రోజులుంది కదమ్మా. అప్పటిదాకా బాగుందని ఎట్లా రాశారు?"

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. ఆయనా రెట్టించకుండా అద్దం వెచ్చచేశాడు. "ఈ... అను. ఇంకా గట్టిగా." చాలాసేపు చూశాడు. అద్దం తీసి చేతులు కడుక్కుంటూ అన్నాడు.

"ఎడమవైపు స్వరతంతువు మీద వరిగింజంత తెల్లగా లేచింది. తంతువు ఇంకా కదులుతోంది, అదృష్టం. ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ఈ వారమే మద్రాసు వెళ్ళాలి. ఉగాది దాకా ఆగి ఉంటే నేను చెప్పగలిగేది ఏమీ ఉండేది కాదు. మీవారు తీసుకెళ్తారా?"

"వెళ్తానండీ" అంది.

ఆయన మద్రాసు ఆస్పత్రికి ఉత్తరం రాసి కవర్లో పెట్టాడు. కొత్త కార్డు తీశాడు. "మద్రాసు నుంచి వచ్చాక మళ్ళీ రోజూ లెక్కపెట్టాలి. ఈసారి వినేవాళ్ళ పేరు కార్డు మీదే రాస్తాను. మీరు నోటితో చెప్పరు గదా, మీవారి పేరేమిటో ఇక్కడ రాయండి" అని పెన్సిలు అందించాడు.

శ్యామలాదేవి పెన్సిలు తీసుకోలేదు.

"ఆరోగ్యమ్మ" అంది. బొంగురుగానే, ఒక్క ఊపిరిలో. "ఆవిడకి రాయడం రాదు. ఎంతదాకా వచ్చిందో చెబుతుంది. నేను రాసుకుంటా."

డాక్టరు ఆ పేరు రాసుకుని, పక్క గడి మీద పెన్సిలు ఆనించి, "మీకేమవుతుంది?" అని అడిగాడు.

ఆ గడిలో రాయదగ్గ వరసలన్నీ శ్యామలాదేవికి తెలుసు. అవన్నీ ఇంట్లో ఉన్నాయి.

"వింటుందండీ" అంది.