బొటనవేలి నొప్పికి వేయేళ్ల మందు

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి షుక్రీని డమాస్కస్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చారు. వయసు అరవై ఒకటి. వాంతులు, విరేచనాలు ఆగలేదు. మాట్లాడే స్థితిలో లేడు.

ఏడున్నరకు అక్క వజీహా వచ్చి, గుడ్డలో చుట్టి తెచ్చిన కాఫీ గిన్నెను డాక్టర్ రిహాబ్ బల్ల మీద పెట్టింది.

"అడుగున మడ్డి ఉంది డాక్టరమ్మా. పరీక్ష చేయించండి."

"ఏం మాట వదినా అది?" అంది షుక్రీ భార్య లమీస్.

"నీ పేరెత్తానా నేను? గిన్నె సంగతేగా అన్నాను."

వాళ్లకు పెళ్లయి రెండేళ్లు. పోయిన నెల షుక్రీ ఇల్లు లమీస్ పేర రాశాడు. ఆమె కలిపిన కాఫీయే రోజూ తాగుతాడు. వజీహా దారంతా వీటినే తలపోసుకుంటూ వచ్చింది.

లమీస్ సంచిలోంచి మాత్రల అట్ట తీసింది. బొటనవేలి వాపుకు శనివారం డాక్టరు రాసినవి.

"రోజుకు రెండే. నేనే లెక్కపెట్టి ఇచ్చాను."

"విన్నారా, లెక్కపెట్టి మరీ ఇచ్చిందట!"

రిహాబ్ అట్ట చూసింది. "ఈ మందు ఎక్కువైతే ఇలాగే అవుతుంది. కానీ రోజుకు రెండు మాత్రలకే ఇంత కాకూడదు. మూలికల కొట్టు నుంచి సూరింజాన్ దుంప పొడి ఏమైనా తెచ్చారా?"

"దానికీ మాత్రకూ ఏమిటి సంబంధం?" అంది వజీహా.

"కీళ్లవాపుకు ఆ దుంప పనికొస్తుందని మన హకీములు వేయేళ్ల కిందటే రాశారు. అందులో ఉన్న మందే ఈ మాత్రలోనూ ఉంది. రెండూ కలిస్తే విషం. గిన్నె ల్యాబుకు పంపితే ఫలితం రేపటికి గానీ రాదు. అంతసేపు ఆయన కిడ్నీలు తట్టుకోలేవు."

శనివారం మూలికల కొట్టు అబూ రాఫిద్ అందరినీ అడిగినట్టే, తూచే ముందు వజీహానూ అడిగాడు: "ఇంకేం మందు వాడుతున్నాడమ్మా?" మాత్రల సంగతి చెబితే తూచడని ఆమెకు తెలుసు. ఏమీ లేదంది. ఆ సాయంత్రం నుంచి ఆ పొడిని తేనెలో కలిపి తమ్ముడికి తనే తినిపించింది. మీ ఆవిడకు చెప్పకు, పారేస్తుంది అంది.

వజీహా చేతిసంచి తెరిచి పొట్లం తీసింది.

"ఎన్నాళ్లు?" అంది రిహాబ్.

"మూడు రోజులు. రోజుకు రెండు చెంచాలు."

"చిన్న చెంచాలా?"

"పెద్దవి. అబూ రాఫిద్ చిటికెడు చాలనే అన్నాడు."

రిహాబ్ పొట్లం తీసుకుని ఐసీయూలోకి వెళ్లింది.

శుక్రవారం మధ్యాహ్నం షుక్రీని వార్డుకు మార్చారు. లోపలికి రానివ్వాల్సినవాళ్ల చీటీలో లమీస్ రెండు పేర్లు రాసింది. ఒకటి తనది, రెండోది వజీహాది.