నడుము వంచిన బండి

ఈ రేసు బండ్లను తయారుచేసినవాళ్లకు నడుములు లేవా? "నీకు భలే నప్పింది బావా!" అంటూ తను వాడి వదిలేసిన బండిని అంటగట్టిన బావమరిదికి కళ్లు లేవా? అసలు దోషులు వీళ్లే.

మిల్లు యూనియన్ నాయకుడు ఆ ఉదయం కొత్తగా కొన్న ఆ పాత బండెక్కాడు. హ్యాండిల్ ఎక్కడో పాతాళంలో ఉంది. ట్యాంకు మీద బోర్లా పడితేగానీ అందలేదు. యాక్సిలరేటర్ తిప్పగానే బండి ముందుకు దూకింది. ఒక్కసారిగా కుర్రాడినైపోయానని మురిసిపోయాడు. మిల్లు గేటు దగ్గర దిగేసరికి ముసలాడయ్యాడు. నడుము పట్టేసింది, లేవనంటోంది.

అక్కడ కార్మికులంతా అతని కోసమే కాచుకున్నారు. హాజరు వేసే కిటికీని మేనేజరు మోకాలెత్తులో పెట్టించాడు. వంగితే తప్ప హాజరు పడదు. వంగేది లేదని ఇవాళ తేల్చిచెప్పాలి.

మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చాడు. "చూశారా, కిటికీ సరిగ్గా మీ ఎత్తుకే ఉంది!"

"అన్నా, మమ్మల్ని వంగొద్దని చెప్పి నువ్వే సాగిలపడ్డావేంటి?" అంది నూలు వడికే అక్క. గేటంతా గొల్లుమంది.

నాయకుడికీ నవ్వాగలేదు. నవ్విన కొద్దీ నడుము కలుక్కుమంది. వంగినవాడు వంగినట్టే, మేనేజరు బూట్లకేసి చూస్తూనే గొంతెత్తాడు.

"నవ్వండి, నేను వెధవనే! సోకుకి పోయి వంగాను. వీళ్లెందుకు వంగాలి? ఆ కిటికీని ఇప్పుడే పైకెత్తించండి. ఎత్తించేదాకా ఒక్కరూ లోపలికి రారు!"